మైసన్న కాక హామీ పత్రం

మైసన్న కాక నా షాపు మెట్లెక్కాడంటే ఆ పూటకి నా పని గోవిందా. ఎల్లారెడ్డి బస్టాండు పక్కన టైపింగు, జిరాక్సు చేసుకుని బతుకుతున్నదాన్ని. వచ్చేవాళ్లందరికీ ఆదాయం సర్టిఫికెట్లు కావాలి, కాకకు మాత్రం కథలు కావాలి. కామారెడ్డి రూటులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచీ ఆయన కథలు రాయడం, నేను టైపు చేసి పత్రికలకు మెయిలు పెట్టడం, వాళ్లు వద్దనడం.

అనరా మరి? కథ మూడు పేజీలైతే దానితో పంపే లేఖ నాలుగు పేజీలు. సెలవు కోసం డిపో మేనేజరుకు అర్జీ పెట్టుకున్నట్టే రాసేవాడు. "తమరి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, మోకాళ్ల నొప్పుల నుంచి ఇంటి పరిస్థితి దాకా ఏకరువు పెట్టి, చివర ఆధార్ కార్డు జిరాక్సు జతచేసేవాడు.

"కాకా, ఎడిటరు నీ కథ ఏసుకుంటడా, నీకు పింఛను ఇస్తడా?" అని మొత్తుకునేదాన్ని.

"మన సంగతి తెల్వకుంటే ఎట్ల నమ్ముతరు బిడ్డా?"

విసుగొచ్చి ఈసారి లేఖ నేనే నాలుగు ముక్కల్లో రాసి పంపాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. కథ బాగుంది, ముగింపు మరీ కలచివేసింది, వచ్చే నెల వేస్తాం, 'ఇది నా సొంత కథ, దేనికీ అనువాదం కాదు' అని హామీ పత్రం మీద సంతకం పెట్టి పంపండి అన్నారు. కాక ఆ మెయిలు నాతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. బస్టాండులో కనబడ్డవాళ్లందరికీ చెప్పొచ్చాడు. తీరా హామీ పత్రం ముందుపెట్టి పెన్ను చేతికిస్తే, సంతకం పెట్టడే!

"ఇది నా సొంతం గాదు బిడ్డా. మీ చిన్నమ్మ చెప్పింది. అది గూడ మరాఠీల చెప్పింది."

వాళ్లావిడ రుక్మాబాయి చిన్నమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్. కష్టం చెప్పుకోవాలంటే ఆమెకు మరాఠీయే వస్తుంది.

"అయితేంది? రాసింది నువ్వే గదా. పెట్టు సంతకం!"

"అబద్ధం మీద పెట్టమంటవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి నోటికాడి ముద్దను నేలపాలు చేసుకుంటున్నాడు. "పోయి చిన్నమ్మను తోల్కరా. ఆమె సరే అంటే నీకేం బాధ?" అని తరిమాను.

చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. నేనే కథ పైకి చదివాను. మొదట్లో తలూపుతూ వింది. మొగుడు వెళ్లగొట్టిన ఆడమనిషి తెల్లారేసరికి ఊరవతలి బావిలో తేలిందని చదవగానే లేచి నిలబడింది.

"నా చెల్లెను బాయిల ఎందుకు పడేసినవ్?"

"కథల గట్లుంటే..." అని నసిగాడు కాక.

"ఇందు ఊరవతలి బాయి కాడికి పోయిందని చెప్పిన. సచ్చిందన్ననా? నీళ్లు చేదుకున్నది, మొకం కడుక్కున్నది, బస్సెక్కి దెగ్లూర్ పోయింది. ఇయ్యాల్టికి గూడ ఆడ పూరీలు అమ్ముకొని బతుకుతున్నది. దాన్ని సంపి పేపర్ల ఏపిచ్చుకుంటవా?"

నా తిక్క నాది. "ఇంకేంది కాకా, సావు నీ సొంతమేనాయె. పెట్టు సంతకం!" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

కాక పెన్ను పక్కన పెట్టాడు. "ఆఖరి పేజీ తీసెయ్ బిడ్డా. ఆమె చెప్పినట్టు కొట్టు" అన్నాడు.

"అయ్యో రామా! వాళ్లు మెచ్చిందే అది. మారిస్తే ఏసుకోరు!"

"ఏసుకోకుంటే పాయె."

చిన్నమ్మ చెప్పింది, నేను కీబోర్డు మీద కసి తీర్చుకుంటూ కొట్టాను. లేఖ మాత్రం కాకే చెప్పాడు. "అయ్యా, ఈ కథ నా భార్య రుక్మాబాయి మరాఠీలో చెప్పగా నేను తెలుగులో రాసినది. ముందు పంపిన ముగింపు నేను కల్పించినది. దయచేసి అది వేయకండి. కథలోని ఆమె బతికే ఉంది." కింద సంతకం పెట్టాడు. ఆయన మొహం చూడలేక గబగబా పంపేశాను.

చిన్నమ్మ ఫోను తీసి చెల్లెలికి కలిపింది. మరాఠీలో ఏదో రెండు మాటలు అని, ఫోను కాక చేతికిచ్చింది.

"ఇందూ, మంచిగున్నవా?" అని అడిగాడు కాక. అటునుంచి ఆమె ఏమందో నాకు వినబడలేదు. కాక గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం లేదమ్మా. ఊకెనే అడిగిన."