పాపంలో వాటా

పక్కింట్లో ఎండు నెత్తళ్ల చేపలు వేయిస్తున్నారు. ఆ వాసన నేను దిద్దుతున్న తొమ్మిదో తరగతి పేపర్ల దాకా వచ్చింది. హిందూ, బౌద్ధ మతాలకు ఉమ్మడి భావనలేవంటే అందరిదీ ఒకటే జవాబు: కర్మ, పునర్జన్మ, అహింస, దుఃఖం నుంచి విముక్తి. ఒక్కరూ ఒక్క ముక్క సొంతంగా రాసి చావలేదు. ఇలాంటప్పుడే మా సోషల్ మాస్టారు గుర్తొస్తారు. ఆయన మీదా విసుగొస్తుంది.

2012లో, కళింగపట్నంలో నేను తొమ్మిది చదువుతుండగా, ఈ పాఠం కోసమే ఆయన మమ్మల్ని శాలిహుండం కొండెక్కించారు. మిట్టమధ్యాహ్నం ఇటుకల స్తూపం చుట్టూ తిప్పారు.

"గుడి సుట్టూ తిరిగినట్టే గదరా! సేసిన పని ఫలితం వెంటొస్తాదని రెండు మతాలూ సెప్పాయి. ప్రాణం తియ్యొద్దనీ సెప్పాయి. బట్టీ పట్టకండి, ఆలోచించండి!" అని అరిచారు.

మా తరగతి శ్రీను వెంటనే ఆలోచించాడు. "అయితే మేస్టారూ, సేపలోళ్లకి వచ్చే జన్మ ఏటొస్తాది?"

అందరూ నావైపు తిరిగి నవ్వారు. మా నాన్న వేటకెళ్తాడు, అమ్మ ఒడ్డున చేపలెండబెడుతుంది. అయినదానికీ కానిదానికీ కస్సుమనే మాస్టారు, అప్పుడు మాత్రం నోరు మెదపలేదు. శ్రీను మాటకన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మర్నాటి నుంచి బడి మానేశాను.

వారం తిరక్కుండా ఆయన సైకిలేసుకుని ఒడ్డుకొచ్చారు. అమ్మ చేపలు తిరగేస్తూనే నిలదీసింది.

"బడి మానీసిన కాడి నుండి మా గుంట సరిగ్గా అన్నం ముట్టట్లేదు. మేం పాపిష్టోళ్లమేటి, మేస్టారూ?"

"తెల్దమ్మా."

"తెల్దా? మరెందుకు సెప్పినారు?"

ఆయన తల గోక్కున్నారు. "రేపొక్కపాలి పంపమ్మా. ఆ తర్వాత నీ ఇష్టం."

ఈ మాత్రానికి ఎండలో ఇంత దూరం రావాలా అని నాకు ఒళ్లు మండింది. ఇదే ఆఖరు అనుకుని వెళ్లాను.

తరగతిలోకి వస్తూనే, "నిన్నా మొన్నా సేప తిన్నోళ్లు సెయ్యెత్తండి," అన్నారు. నాది తప్ప అన్ని చేతులూ లేచాయి. శ్రీనుది కూడా. అందరికన్నా ఎత్తున మాస్టారి చెయ్యి.

"సేప దానంతటదే వచ్చి మన కంచంలో పడిందేటి? పాపమైతే అది పట్టినోళ్లింట్లోనే ఉండిపోతాదేటి? మన వాటా మనం ఎత్తుకుందారి. ముందు నాది."

ఎవరూ నవ్వలేదు. నేను బడి మానలేదు.

అది పాపమో కాదో మాత్రం ఎన్నిసార్లడిగినా ఆయన తేల్చలేదు. తేల్చకుండానే పోయారు. నాకు ఇప్పటికీ కోపమే. రేపు ఈ పేపర్లు తిరిగిచ్చి, అహింస గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఏ పిల్లా తల దించుకోకముందే, నా చెయ్యి ఎత్తాలి.