నేను పంపని ఐదో ఫైలు

ఏళ్ళుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యం నాకు లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

బిలాస్‌పూర్‌లో ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వస్తున్న రోజులవి. నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోమని ఊరికే ఇచ్చేసే ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. యంత్రం భాగాన్ని చిన్న చిన్న త్రికోణాల వలలా తెర మీద చూపించి, అది ఎంత బరువుకి ఆగుతుందో లెక్క కట్టేది. ఆ వలలో ఎక్కడైనా చిరుగుంటే లెక్క సాగదు. చిరుగులు పూడ్చే సదుపాయం అందులో లేదు. నేను రాశాను. నాలుగు నెలలు పట్టింది. వాడేవాళ్ళు పెట్టిన సైజుకంటే చిన్న చిరుగుల్నే పూడ్చాలి, పెద్దవి బోల్టుల కోసం కావాలని పెట్టిన కంతలు కాబట్టి వాటి జోలికి వెళ్ళకూడదు. నా కోడ్ చేయాల్సింది అంతే.

కోడ్ పంపేవాళ్ళు, అది సరిగా పనిచేస్తుందని చూపించే పరీక్ష ఫైళ్ళు కూడా పంపాలి. అక్కడి పద్ధతి అది. నేను ఐదు తయారు చేశాను. నాలుగు బాగున్నాయి. ఐదోదాంట్లో ఒక చిరుగు వెళ్ళి అసలు కంత అంచుకి ఒక్క మూల దగ్గర తగులుతుంది. అలా తగిలితే నా కోడ్ సైజు సంగతి మరిచిపోయి, రెంటినీ పూడ్చేసేది. ఒక హెచ్చరికైనా ఇచ్చేది కాదు. కొత్త వెర్షన్‌లోకి తీసుకునే గడువు ఇంకా రెండు రోజులే ఉంది. రాసినవాళ్ళ జాబితాలో నా పేరు ఉంటుందని హైదరాబాద్‌లో నేను ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న ఒక కంపెనీ వాళ్ళకి అప్పటికే చెప్పేసుకున్నాను. ఐదో ఫైలు తీసేసి నాలుగే పంపాను.

అలాంటి చోటు ఎవరికి తగులుతుందిలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అనుకున్నట్టు నాకు నేనే నటించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తగిలింది మా సింహాచలం బాబాయికి. సొంత బాబాయి కాదు. నాన్నకి ఊరివాడు, ఇద్దరూ పలాస అవతలి ఒకే ఊరి నుంచి వచ్చారు. నాన్న రైల్వేలో చేరితే, బాబాయి బిలాస్‌పూర్ బయట గతౌరా వైపు ఒక చిన్న వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదురుకున్నాడు. నాకు పెన్సిల్ పట్టి గీత గీయడం నేర్పింది ఆయనే. వాళ్ళ సేట్ సాఫ్ట్‌వేర్ కొనిపెట్టే రకం కాదు. అందుకని ఈ ఊరికే దొరికేదాన్ని నేనే వెళ్ళి ఎక్కించి, నేర్పించాను. తెర మీద నా పేరున్న చోట వేలు పెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

బొగ్గు జల్లెడ పట్టే పాత యంత్రం ఒకటి వాళ్ళ దగ్గరకి వచ్చింది. పక్క రేకు మార్చాలి. డ్రాయింగు లేదు. బాబాయి కంత కంతకీ టేపు పెట్టి కొలిచి వల తయారు చేశాడు. చిరుగులు పడ్డాయి. నా పనిముట్టుతో పూడ్చాడు. డెబ్భై పైచిలుకు కంతల్లో రెండు పూడిపోయాయి. రేకు బలహీనంగా ఉండేది సరిగ్గా అలాంటి కంతల దగ్గరే. అవి లేకపోయేసరికి, పలచటి రేకు సరిపోతుందని లెక్క తేలింది. కొత్త రేకుకి కంతలు మాత్రం పాతదాన్ని చూసి అన్నీ వేశారు. యంత్రం నడిపి చూసిన రోజున రేకు ఆ రెండు కంతల దగ్గరే చీలిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే? ఆ ప్రశ్న దగ్గరికి నేను ఇప్పటికీ వెళ్ళలేను.

ఆదివారం పొద్దున్నే బాబాయి స్కూటర్ మీద మా క్వార్టర్‌కి వచ్చాడు. అమ్మ ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"తల్లీ, నీ దాంట్లో ఏటైనా తేడా ఉందేటి? రెండు కంతలు పూడిపోనాయి. నాను వాటిని ముట్టుకోలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌దని నువ్వో ముక్క రాసిస్తే, సేట్ నన్ను పన్లో ఉంచుతానన్నాడు."

ఒక్క ముక్క. కాగితం బల్ల మీదే ఉంది.

"లేదు బాబాయ్. నువ్వే సైజు ఎక్కువ పెట్టేసుంటావు."

ఆయన నన్ను అనుమానించనైనా లేదు. అనుమానించి ఉంటే బాగుండేది.

"అచ్ఛా... అలగే అయ్యుంటాది. కళ్ళు మునపట్లా లేవు కదా. నువ్వేటీ మనసులో ఎట్టుకోకు తల్లీ. సేట్‌కి నానే సెప్పేస్తాను, తప్పు నాదేనని."

చెప్పేశాడు. పని పోయింది.

ఆ వారంలోనే కోడ్ సరిచేశాను. మార్పుకి పక్కన కారణం రాయాలి. 'చిన్న సవరణ' అని రాశాను. ప్రపంచమంతా చూడగలిగే చోట ఆ రెండు మాటలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి పక్కన నా పేరుంది, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో మాత్రం లెక్కలేనన్నిసార్లు నాలో నేనే వల్లె వేసుకున్నాను. హైదరాబాద్ ఉద్యోగం వచ్చింది. చేరాను. సిగ్గు లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. అయినా చేరాను.

బాబాయి కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళాడట. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడట ఆయన. బాబాయి నమ్మలేదు. డాక్టరు మాట కాదు, నా మాట నమ్మాడు. మళ్ళీ పెన్సిల్ పట్టలేదు. ఊళ్ళోనే కుదుదండ్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టులో మేకులు తూచి ఇచ్చే పనిలో చేరాడు. సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి ఆ కొట్టుకి వెళ్ళాను. ఎవరికో గొలుసు కోసి ఇవ్వాలి. టేపు పరిచి, తలెత్తి నన్ను పిలిచాడు.

"ఇదెంతుందో నువ్వు సూసి సెప్పు తల్లీ. నా కళ్ళని నాను నమ్మను."

చూసి చెప్పాను. రెండున్నర మీటర్లు. ఆ కొలత చెప్పిన నోటితోనే మిగతాదీ చెప్పేయొచ్చు. చెప్పలేదు. టేపు చుట్టి చేతికిచ్చి వచ్చేశాను.

ఆయన ఇంకా ఉన్నాడు. రేపు వెళ్ళి చెబుతానని మీకు మాటివ్వను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీది కాదు. ఇప్పటిదాకా ఎక్కడా రాయనిది మాత్రం ఒక్కసారి రాయనివ్వండి. సింహాచలం బాబాయి కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ కంతలు పూడ్చింది నా కోడ్. అది పూడుస్తుందని పంపకముందే నాకు తెలుసు.

రాశాను.