ఓజ్బాల్ట్ మావయ్య మర్యాద పాఠాలు

కొండ మీద ఎదురుపడ్డ మనిషి ఆగి "దోబెర్ దాన్" అని పలకరించకపోతే ఓజ్బాల్ట్ ఊరుకోడు. నిజానికి అది లిప్నిక లోయలో అందరికీ ఉన్న మర్యాదే. కింద రోడ్డు మీద ముఖం తిప్పుకుని పోయేవాళ్లు కూడా, అడవి దాటి పచ్చిక బయళ్లలోకి ఎక్కగానే ముక్కూ ముఖం తెలియనివాళ్లను సైతం పలకరిస్తారు. పలకరించనివాణ్ణి చూసి లోయలో మిగతావాళ్లు మనసులో విసుక్కుని వదిలేస్తారు. ఓజ్బాల్ట్ వదలడు. కొండలు మారుమోగేలా తిడతాడు. తిట్లు తిని కూడా ఆగకపోతే, డెబ్భై దాటిన మోకాళ్లతో వెంటపడతాడు.

ఇలాంటి మనిషి మేనమామ కావడం ఎవరికైనా కష్టమే. ఆ మేనకోడలు కొండదారుల్లో పరుగు పందేలు నడిపే మనిషయితే ఇక చెప్పేదేముంది? నేజా బతుకు సరిగ్గా అలా తగలడింది. లోయలో పరుగుదారులన్నీ ఆమె వేసినవే. వాటిలో అందమైనది పై పచ్చిక మీదుగా పోతుంది. ఆ పచ్చిక చివర ఒక బండ ఉంది. పాలు పితకడం అవగానే ఓజ్బాల్ట్ వచ్చి ఆ బండ మీద కూర్చుంటాడు. లోయలో ఇన్ని బండలుండగా ఈయనకు అదే దొరికిందా అని నేజా మండిపడని రోజు లేదు.

ఒకసారి దేశంలోకెల్లా పేరున్న పరుగు వీరుడొకాయన చెవుల్లో పాటలు పెట్టుకుని అటుగా వచ్చాడు. ఓజ్బాల్ట్ గడ్డి పోగుచేసే పంగలకర్రను దారికి అడ్డంగా పెట్టాడు.

"ఏం నాయనా, కాళ్లిచ్చిన దేవుడు నోరివ్వడం మరిచాడా?"

"ఏమిటండీ ఇది? నా సమయం పోతోంది."

"పోనీ. వెనక్కెళ్లి ఆ చెట్టు దగ్గర్నుంచి మళ్లీ రా. ఈసారి మనిషిలా రా."

ఆ వీరుడు పళ్లు నూరుకుంటూ వెనక్కెళ్లి, మళ్లీ వచ్చి, ఆగి పలకరించాడు.

"శుభం. ఇక పో. అటు కాదు, కుడివైపు," అన్నాడు ఓజ్బాల్ట్.

ఆ రోజే ఆ వీరుడు మళ్లీ ఈ లోయకు రానని ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరైనా పరుగెడుతూనే తల ఊపితే, "తల ఊపడం గుర్రాలకూ వచ్చు," అంటాడు ఓజ్బాల్ట్. చెయ్యెత్తితే, "నేనేమైనా బస్సునా?" అంటాడు. జర్మనీ ఆవిడొకరు ఆగి తన భాషలో పలకరిస్తే మాత్రం ముఖం వెలిగింది. ఏ భాషైనా సరే, ఆగి చెప్పాలి. అంతే ఆయన బాధ.

తిట్లు తిన్నవాళ్లందరికీ నేజా చేతులు జోడించి, ఊరడింపుగా తలా ఒక చీజ్ ముద్ద ఇచ్చి పంపేది. ఆ చీజ్ ఓజ్బాల్ట్ ఆవులదే. "నా చీజ్ తీసుకెళ్లి నన్ను తిట్టుకునేవాళ్లకు పెడతావుటే?" అని దానికీ ఒంటికాలి మీద లేచాడు.

అసలు ఆమె ఒళ్లు మండే సంగతి వేరే ఉంది. ఈ మర్యాద రామన్న ఊళ్లోకి దిగితే ఎవర్నీ పలకరించడు. రొట్టెల కొట్టు ఉర్ష రోజూ నవ్వుతూ పలకరిస్తుంది. ఈయన రొట్టె చంకన పెట్టుకుని గుర్రుమంటూ బయటికొస్తాడు.

"ఉర్షకి బదులివ్వవేం, మావయ్యా?" అని నిలదీసింది ఒకసారి.

"ఉర్ష తెలిసిన మనిషే కదా. తెలిసినవాళ్లను రోజూ పలకరిస్తూ కూర్చోవడానికి నాకేం పనిలేదా?"

"మరి ఆ బండ మీద నీకేం పని?"

"మర్యాద నేర్పడం."

ఇలాంటి జవాబుకి ఏ గోడకేసి తల కొట్టుకోవాలి?

చివరికి పందెం కమిటీవాళ్లు తేల్చి చెప్పేశారు. ఈ ఏడు ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా పందేన్ని పక్క లోయకు మార్చేస్తారట. ఎన్నో ఏళ్ల కష్టం ఒక ముసలాయన నోటి దురుసుకి పోతుందంటే నేజా ఊరుకుంటుందా? బాగా ఆలోచించి ఒక ఎత్తు వేసింది. పోటీ రోజున జెండా ఊపి పందెం మొదలుపెట్టే పెద్దమనిషి ఓజ్బాల్టే. చర్చి ముందు వేదిక, మెత్తటి కుర్చీ, భుజాన పట్టు పట్టీ, పక్కన బాకాల మేళం. సాయంత్రం దాకా ఆ కుర్చీ దిగడానికి వీల్లేదు.

ఓజ్బాల్ట్ పట్టీ వేయించుకున్నాడు. జెండా ఊపాడు. కూర్చుని ఆకాశం వైపు చూశాడు.

"పై పచ్చిక దగ్గర ఎవరున్నారే?"

"ఎవరూ అక్కర్లేదు, మావయ్యా. దారి పొడుగునా రిబ్బన్లు కట్టాం."

"రిబ్బన్లా," అన్నాడు.

కాసేపటికి కొండ అంచున పొగమంచు దిగడం మొదలైంది. నేజా ఇటు తిరిగి అటు చూసేసరికి కుర్చీ ఖాళీ. పట్టు పట్టీ మేళంవాడి బాకాకి వేలాడుతోంది. ఓజ్బాల్ట్ ఉక్కు తీగ మీద వేలాడుతూ పాల బిందెలు కిందికి దించే తీగబండిలో, మనుషులు ఎక్కకూడదని రాసిన బోర్డు పక్కనుంచే ఎక్కి, ఖాళీ బిందెల మధ్య కూర్చుని పైకి పోతున్నాడు.

పందేనికి నీళ్లొదులుకోవలసిందే అనుకుంది నేజా. తర్వాతి తొట్టెలో తనూ ఎక్కింది. బిందెలు మోకాళ్లకు కొట్టుకుంటుంటే, పైకి వెళ్లాక మావయ్యను అనబోయే మాటలన్నీ దారంతా కూడబెట్టుకుంది.

పైన మంచులో చెయ్యి చాపితే చెయ్యి కనబడడం లేదు. ఓజ్బాల్ట్ గొంతు మాత్రం వినిపిస్తోంది.

"ఎవడ్రా పలకరించకుండా పోయేది? మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా? ముసలాణ్ణి దాటిపోతే వీరులైపోతారా?"

మంచులోంచి నాలుగైదు భాషల్లో ఎదురు తిట్లు వచ్చాయి. వాటి వెనకే ముఖాలు ఎర్రగా చేసుకుని మనుషులూ వచ్చారు. బండ దగ్గర ఆగి, గొణుక్కుంటూ పలకరించారు. "కుడివైపు," అని పంపేశాడు ఓజ్బాల్ట్. ఒక్క ఫిర్యాదు కాదు, ఇవి డజన్ల కొద్దీ. నేజా ఆయన కాలర్ పట్టుకోబోయి ఆగిపోయింది.

వచ్చేవాళ్లంతా ఎడమవైపు నుంచి వస్తున్నారు.

ఎడమవైపున్నది గొర్రెలు తొక్కి చేసిన దారి. అసలు దారికన్నా వెడల్పు, మెత్తన, చూడముచ్చటగా ఉంటుంది. కొంత దూరం పోయి నిట్టనిలువు కొండచరియ అంచున ఠక్కున ఆగిపోతుంది. నేజా రిబ్బన్లు కట్టిన కంచె దగ్గరికి పరుగెత్తింది. ఒక్కటీ లేదు. పక్కనే ఒక ఆవు తీరిగ్గా నెమరేస్తోంది. దాని నోట్లోంచి నీలం రిబ్బను ముక్క వేలాడుతోంది.

నేజాకి దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"అటు దారి లేదన్న ముక్క వాళ్లకు మామూలుగా చెప్పి చావొచ్చుగా, మావయ్యా?"

"అందరికీ చెప్పానే, అటు పోవద్దని. ఒక్కడూ ఆగలేదు. తిట్టాను, ఆగారు." ఆ మాటలు గుసగుసలా వచ్చాయి. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది.

మంచులోంచి వచ్చేవాళ్లు అయిపోయిన చాలాసేపటికి కింద నుంచి ఫోను వచ్చింది. అందరూ చేరారు, ఒక్కరు తప్ప. మారిబోర్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు దామ్యాన్ ఇంకా పైనే ఉన్నాడు. అదే క్షణాన ఎడమవైపు మంచులో గులకరాళ్లు జారిన చప్పుడైంది.

నేజా చేతులు నోటి చుట్టూ పెట్టుకుంది. "దామ్యాన్ గారూ, దయచేసి ఇటు రండి. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి."

చప్పుడు ఇంకాస్త దూరం జరిగింది.

"బతిమాలితే ఎవడొస్తాడే? ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకుంటాడు."

"గంట తెచ్చి కొట్టనా?"

"ఇక్కడ ప్రతి ఆవు మెడలోనూ గంటే. తిట్టు."

"నాకు తిట్టడం రాదు, మావయ్యా."

"నన్ను రోజూ తిట్టుకుంటున్నావుగా. అవే వాడు."

నేజా ఊపిరి నిండా పీల్చుకుంది. తీగబండిలో కూడబెట్టినవన్నీ అలాగే ఉన్నాయి.

"ఒరేయ్ దామ్యాన్, ఎదురుగా మనిషి కనబడితే గాడిద కూడా చెవులు కదుపుతుంది. నీకు ఆ మాత్రం కూడా లేదట్రా? ఊళ్లోవాళ్ల పళ్లు పీకీ పీకీ నీ సిగ్గు కూడా పీకేసుకున్నావా?"

గులకరాళ్ల చప్పుడు ఆగింది.

"ఎవరే అది?" అని మంచులోంచి ఒక భారీ గొంతు లేచింది. "నన్ను అంత మాటన్నది ఎవరో అక్కడే ఉండు, వస్తున్నా."

బరువైన అడుగులు ధనధనమంటూ ఇటే రాసాగాయి.

"ఫర్వాలేదు," అన్నాడు ఓజ్బాల్ట్, లేని గొంతుతో. "గాడిద మాట అందరూ అనేదే. సిగ్గు మాట బాగుంది."

బండ మీద కాస్త పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.