పెద్దమ్మ మానేసిన రోస్టు

మా పెద్దమ్మ పోయింది. దసరా వెళ్లిన వారంలో, పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ వంటింట్లో కూలబడిపోయిందట. రోజూ వాకింగ్‌కి తోడొచ్చే పక్కింటావిడ తలుపు తీసి చూసేసరికే అంతా అయిపోయింది. నేనా సమయానికి ఆఫీసులో, చిప్పులు చేసే గదిలో, కళ్లు తప్ప ఏమీ కనబడని తెల్ల ముసుగులో ఉన్నాను. అక్కడికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. లంచ్‌కి బయటికొచ్చి లాకర్ తీస్తే ఒకటే మిస్డ్ కాల్స్. ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండే సిగ్నళ్లు. ఏం లాభం, ఆఖరి మాట దక్కలేదు.

ఈ ఊరి తెలుగు శాకాహారుల్లో కాస్త పాతవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పెద్దమ్మ చేతి పప్పుల రోస్టు తినకుండా తప్పించుకుని ఉండరు. కూరల కొట్టులో కొత్త మొహం కనబడితే చాలు, "థాంక్స్‌గివింగ్‌కి ఎక్కడికమ్మా?" అని ఆరా తీసేది. "ఎక్కడికీ లేదండీ" అన్నారో, అయిపోయారే. అడ్రస్ చెప్పి, టైము చెప్పి, "చేతులూపుకుంటూ రండి, ఏమీ తేవద్దు" అని హుకుం జారీ చేసేది.

జీడిపప్పు, బాదం, అక్రోట్లు, ఈ ఎడారి తోటల్లో కాసే పెకాన్లు, అన్నీ దేనికది వేయించి బరకగా తిప్పేది. ఉల్లిపాయా సెలెరీ ఎర్రగా మగ్గించి, బ్రెడ్ పొడి కలిపి, మిరియాలు దండిగా దంచి వేసేది. గుడ్డు కలిపితే గానీ ముద్ద నిలబడదని ఇక్కడి పుస్తకాలు చెబుతాయి. గుడ్డు ముట్టని పెద్దమ్మ ఉడికిన చేమదుంపలు చిదిమి కలిపేది. "చేమదుంప జిగురు ముందు గుడ్డెంతే!" అని ఆవిడ ధీమా. పొడుగాటి బ్రెడ్ పాన్‌లో అదిమి, ఓవెన్‌లో కాల్చి, పళ్లెంలోకి బోర్లిస్తే అచ్చం ఇటుక. ఆ పేరు పెట్టింది నేనే.

"ఇటుకేనే. కత్తికి తెగే ఇటుక. నీ పనీర్ కూర నలుగురి ముందూ కోసి వడ్డించగలవుటే?" అనేది. పండగ భోజనంలో అందరూ చూస్తుండగా కోసి పెట్టేది ఒకటి ఉండాలని ఆవిడ పట్టుదల. రోస్టు బల్ల నట్టనడుమే ఉండాలి. కోసేదాకా ఎవరూ గరిటె ముట్టకూడదు. మా పెదనాన్న ఉన్నన్నాళ్లూ ఆయన కోసేవాడు. ఆయన పోయాక ఆ కత్తి తనే అందుకుంది.

ఈ పట్టుదల ఎక్కడిదో కూడా చెప్పాలి. పెళ్లయి ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది, పెదనాన్న పైఅధికారి వాళ్లింటికి థాంక్స్‌గివింగ్‌కి పిలిచారట. అప్పట్లో వాళ్లుండేది మంచు కురిసే ఊళ్లో. చలి, కట్టుకున్నది పట్టుచీర. బల్ల మధ్యలో ఇంతేసి టర్కీ కోడి. అందరి పళ్లాల్లోనూ మధ్యన మాంసం ముక్క, చుట్టూ మిగతావి. పెద్దమ్మ పళ్లెంలో చుట్టూ మిగతావే. కాస్త బంగాళాదుంప ముద్ద, నాలుగు బీన్స్, పుల్లటి క్రాన్‌బెర్రీ పచ్చడి. మధ్యలో తెల్ల పింగాణీ. ఆ ఇంటావిడ అది చూసి సాయంత్రమంతా సిగ్గుపడుతూనే ఉందట. మరుసటేడు మళ్లీ పిలిచి, వాళ్లమ్మ వండే పద్ధతిలో పప్పులతో రోస్టు చేసి, టర్కీ పక్కనే అంత పెద్ద పళ్లెంలో పెట్టి, మొదటి ముక్క తనే కోసి వడ్డించిందట. అందులో గుడ్డు వేయడం వల్ల పెద్దమ్మ అది తినలేకపోయింది పాపం! ఇది చెప్పినప్పుడల్లా పకపకా నవ్వేది. నవ్వి, "తినలేదు గానీ కడుపు నిండిందే. పిలిచిన మనిషికి పళ్లెం మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. చుట్టుపక్కలవి పెట్టి సరిపెట్టకూడదు" అనేది.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఉద్యోగం లేక, వీసా ఏమవుతుందో తెలియక, ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకునే రోజుల్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి ముక్క నా పళ్లెంలో వేసింది. ఏం చేయబోతున్నావని అడగలేదు, ధైర్యం చెప్పలేదు. "ఇంకో ముక్క వేసుకో, చిక్కిపోయావు" అంది. అంతే. ఈ రోజుకీ నాకు ఈ దేశంలో నాది అనిపించే పండగ అదొక్కటే.

ఆవిడకొక్కడే కొడుకు. నాకు తమ్ముడు. ఇక్కడే పుట్టినవాడు. ఉత్తరాన బాతెల్ అనే ఊళ్లో పెద్ద ఉద్యోగం, పెద్ద ఇల్లు. ఇల్లు కొన్నాక పండగ అక్కడికి మారింది. పెద్దమ్మ రోస్టుని రేకు కాగితంలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని విమానమెక్కేది. ఒకసారి నేనూ వెళ్లాను. వాడి ఆఫీసు వాళ్లూ, వాళ్ల భార్యలూ వచ్చారు. టర్కీ మధ్యలో ఉంది. పెద్దమ్మ దాన్ని అటు జరిపి, రోస్టు పెట్టింది. తమ్ముడు రోస్టుని ఇటు జరిపాడు. పెద్దమ్మ మళ్లీ జరిపింది. వచ్చినవాళ్లలో ఒకాయన మర్యాదగానే, "వాట్ ఈజ్ ఇట్ సపోజ్డ్ టు బి?" అని అడిగాడు.

"ఇట్ ఈజ్ నాట్ సపోజ్డ్ టు బి ఎనీథింగ్. ఇట్ ఈజ్ ఇట్‌సెల్ఫ్" అంది పెద్దమ్మ. అక్కడితో ఊరుకుందా? పట్టుచీర దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం కథ చెప్పింది. అందరూ ఫోర్కులు పట్టుకుని విన్నారు. నవ్వారు కూడా, మంచి నవ్వే. ఒకావిడ రెండో ముక్క అడిగి వేయించుకుంది. మా తమ్ముడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను చూశాను. తల్లి మాట్లాడుతుంటే చెవులు ఎర్రబడే వయసు ఎప్పుడో దాటిపోయిందిరా నీకు, అనుకున్నాను గానీ అనలేదు.

మరుసటేడు పండగ ముందు పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. బ్రెడ్ పాన్లూ, మిక్సీ జారూ, పప్పుల డబ్బాలూ అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి నా గుమ్మంలో దించింది.

"ఇవి నువ్వుంచుకో. పిల్లకి నట్స్ పడవట. అలర్జీ అట. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు."

"ఎవరికి? మనవరాలికా? మొన్నటిదాకా లేదుగా?"

"ఇలాంటివి చెప్పి వస్తాయిటే? గొంతు వాచిపోతుందట, ఊపిరాడదట. నా ఇంట్లో ఒక్క పలుకు కూడా ఉండకూడదు. నా బట్టలకి అంటుకుని వెళ్లినా ముప్పే."

"అయితే అక్కడికి తీసుకెళ్లకు. ఇక్కడ చేసుకుని తిను."

"చాల్లే, నోరు మూసుకో. ఇటుక ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?"

అంతటితో రోస్టు ఆగిపోయింది. వంటింటి అరలన్నీ వెనిగర్ పెట్టి తుడిచింది. దీపావళి వచ్చి, ప్రయాణం దగ్గరపడిందంటే మా ఇంట్లో ఉప్మా కూడా ముట్టేది కాదు, జీడిపప్పు వేశానని. ప్రయాణం ముందు చీరలన్నీ మళ్లీ ఉతికేది. విమానంలో పక్క సీటువాళ్లు బాదం పొట్లం విప్పితే లేచి వెనక్కి వెళ్లి నిలబడేదట. అలా ఏళ్లకేళ్లు. తిరిగొచ్చాక నేను అడిగేదాన్ని, ఏం తిన్నావని.

"అన్నీ తిన్నానే. బంగాళాదుంపలు, బీన్స్, క్రాన్‌బెర్రీ."

"మరి పళ్లెం మధ్యలో?"

"పక్క కుర్చీలో నా మనవరాలుంది. చాలదూ?" అనేది.

పదమూడో రోజు శుభస్వీకారం పెద్దమ్మ ఇంట్లోనే చేశాం. తమ్ముడు, మరదలు, పిల్ల బాతెల్ నుంచి వచ్చారు. పిల్ల ఇప్పుడు నా భుజం దాటింది. హోటల్ నుంచి భోజనాలు తెప్పించాం. స్వీటు కాజూ కత్లీ. ఆర్డర్ ఇచ్చిందెవరో గానీ బుద్ధుండక్కర్లేదూ! పెట్టె తీసి దాచేద్దామని నేను అటు వెళ్లేలోపే పిల్ల ఒక ముక్క చేత్తో పట్టుకుని తండ్రి దగ్గరికి వెళ్లింది. నేను వెనకే ఉన్నాను.

"డాడ్, నానమ్మ లేదు కదా. డు ఐ స్టిల్ హావ్ టు బి అలర్జిక్?"

వాడు పిల్లని చూశాడు, పిల్ల వెనకాల నన్ను చూశాడు. వాడి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లాను. హాల్లో బంధువులంతా వింటారని ఆగాను గానీ, లేకపోతే అక్కడే కడిగేసేదాన్ని.

"ఏంట్రా అది?"

"అక్కా, ప్లీజ్. నాట్ టుడే."

"పిల్లకి అలర్జీ లేదా?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"అక్కా, యూ వర్ దేర్. ఆ ఇయర్ నువ్వు చూశావ్. నా మేనేజర్ ముందు ఆ లోఫ్, ఆ స్టోరీ, ఎవ్రీ సింగిల్ ఇయర్. వద్దమ్మా అంటే షి వుడ్ బి సో హర్ట్. అలర్జీ అంటే హర్ట్ అవదు కదా అనుకున్నా. ఇట్ వాజ్ ద కైండ్ థింగ్ టు డు."

కైండ్ అట. ఆవిడ వచ్చే ముందు పీనట్ బటర్, గ్రనోలా, బాదం పాలు అన్నీ గరాజ్‌లోకి చేరవేసేవారట. పిల్లకి అదొక ఆటలా నేర్పారట. మా మరదలికి మొదట్లో నచ్చలేదట, తర్వాత అలవాటైపోయిందట. ఇంటిల్లిపాదీ కలిసి ఒక ముసలావిడ నోటి దగ్గరి ముక్క లాక్కోడానికి ఎంత క్రమశిక్షణో చూడండి! ఒంటికాలి మీద లేచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అచ్చుకి పనికిరాదు.

అంతా విని వాడు మెల్లగా అన్నాడు: "అమ్మకి తెలిసే ఉంటుంది అక్కా. షి వాజ్ సో షార్ప్. ఊరికే వదిలేసింది. నా కోసం."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ నచ్చింది. పెద్దమ్మ అమాయకురాలు కాదు. కూరల కొట్టువాడి తూకంలో మోసం కళ్లతో పట్టేసే మనిషి. తెలిసే ఉంటుంది, తెలిసీ కొడుకు పరువు కోసం ఊరుకుని ఉంటుంది. అలాగైతే ఆవిడ మనసు పెద్దది, వీడి తప్పు చిన్నది. అందరికీ గిట్టుబాటే. రాత్రి అదే అనుకుని పడుకున్నాను.

వాడు నొచ్చుకుంటాడని ఇదంతా రాయొద్దని మా ఆయన అన్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. మీలో వాణ్ణి ఎరిగినవాళ్లెవరైనా ఉంటే చదివి వినిపించండి. మన సంఘం పత్రికవాళ్లు ఆవిడ గురించి నాలుగు మంచి ముక్కలు రాయమన్నారు, రాస్తున్నాను. ఆవిడ మంచిదని చెప్పడానికి నాకు ఇంతకన్నా దారి తెలియదు.

మర్నాడు వాళ్ల ప్రయాణం. పెద్దమ్మ ఇన్సూరెన్స్ కార్డు కావాలన్నాడు తమ్ముడు. ఆవిడ ఎక్కడికెళ్లినా భుజాన వేసుకునే గోధుమరంగు హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి బల్ల మీద పెట్టాను. పిల్ల తను చూస్తానని దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే పైకి తీసింది. కళ్లజోడు, పర్సు, కాగితపు రుమాళ్లు, చుట్టి పెట్టిన స్వెటర్. అడుగున జిప్ ఉన్న అరలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఒక మందు సీసా, కొలిచి పోసే చిన్న కప్పు, ఒక చెంచా. చెంచా కడిగి, టిష్యూలో చుట్టి ఉంది.

పిల్ల సీసా మీది అక్షరాలు చదివింది. "చిల్డ్రన్స్ అలర్జీ రిలీఫ్. డాడ్, ఇది కిడ్స్ మెడిసిన్. ఇట్స్ న్యూ. నెక్స్ట్ ఇయర్ వరకు గుడ్." తలెత్తింది. "నానమ్మ బ్యాగ్‌లో కిడ్స్ మెడిసిన్ ఎందుకు? హూ ఈజ్ ఇట్ ఫర్?"

తమ్ముడు నావైపు చూశాడు. నేను చెబుతానేమోనని. ఊరుకోవడం నాకు చేతకాని పనని ఇంతదాకా చదివినవాళ్లకి చెప్పనక్కర్లేదు. అయినా ఊరుకున్నాను. చెప్పవలసింది వాడు. వాడు కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

పిల్ల జవాబు కోసం ఆగి ఆగి, సీసాని కిటికీ వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. సీలు తీయలేదు. గులాబీ రంగు మందు మూతి దాకా ఉంది.