బొమ్మ చేతిలో బిందె

మా పాప క్లే పిసుకుతుంటే ఆ వాసనకి కలకత్తా దగ్గర లిలువాలో మా పక్కింటి బెంగాలీ దాదా గది గుర్తొస్తుంది. ఆయన మట్టిబొమ్మని కొంచెం కొంచెంగా కదిలిస్తూ, కదిలించినప్పుడల్లా ఒక ఫొటో తీసి సినిమా చేసేవాడు. బిందె మోసే ఆ బొమ్మకి చీర కుట్టింది మా అమ్మే. దాన్ని తెర మీద చూడాలని ఆమెకెంతో ఆశ.

ఒక మధ్యాహ్నం లోడ్‌షెడింగ్‌తో లైట్లు ఆరిపోయాయి. దాదా గాలికి బయటికెళ్ళాడు. బొమ్మ మాత్రం బిందెతో అలాగే నిలబడి ఉంది. కుళాయి నుంచి వస్తూ అమ్మయినా మెట్ల దగ్గర బిందె దించేది. బొమ్మకి చెయ్యి నొప్పెడుతుందని బిందె తీసి కింద పెట్టాను.

లైట్లు వచ్చాక దాదా కేక పెట్టాడు. "సర్వనాశ్! ఎవరు ముట్టుకున్నారు? మళ్ళీ సరిగ్గా అలాగే ఎలా పెట్టను? పొద్దుట్నుంచీ తీసిందంతా వృథా!"

గుమ్మంలో నిలబడ్డ అమ్మ నా ముఖం చూసింది. "నా కొంగు తగిలీసింది దాదా" అంది.

"ఇంక మీరు ఈ గదిలోకి రావద్దు బౌదీ." వదినా అని పిలుస్తూనే అన్నాడు దాదా.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "ఎందుకు తీసావురా?"

"దానికి బరువుగా ఉంటాదని."

అమ్మ నవ్వేసింది. దాదాతో నిజం చెప్పమని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

సినిమా పూర్తయ్యాక, చూడ్డానికి వీధంతా ఆ గదికే వెళ్ళింది. అమ్మ వెళ్ళలేదు. నేను వెళ్ళి, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చాను.