సంచిలో చెప్పులు

దుకాణానికి వెళ్లిన ఆడవాళ్లు ముందు చీర అంచు చూస్తారు, ధర అడుగుతారు. మా అమ్మ వెనక తలుపు ఎక్కడుందని అడిగేది. "ఎందుకమ్మా?" అని సేటు అంటే "ఊకెనే" అనేది. తలుపు లేదంటే ఎంత మంచి చీరైనా ఆమె కంటికి ఆనేది కాదు. సినిమాకు పోతే బయటికి దారి పక్క కుర్చీలే కావాలి. అక్కడ స్తంభం అడ్డం. అందుకే నా చిన్నతనంలో హీరోలందరినీ సగం సగమే చూశాను.

అమ్మ పుట్టు పిరికిదేమీ కాదు. నేను బడికి పోయే వయసులో, ఊరంతా ఉద్యమంతో అట్టుడికిపోతున్న రోజుల్లో, మేము చార్మినార్ దగ్గర గాజులు కొంటుండగా పోలీసు కాల్పులు జరిగాయి. గాజులాయన మమ్మల్ని లోపలికి లాగి, షట్టరు దించి, తన ఇంట్లోంచి వెనక గల్లీలోకి దాటించాడు. ఆ రోజు నాకు గుర్తున్నది తుపాకీ చప్పుడు కాదు. దానికి ముందు బజారు ఆ కొస నుంచి ఈ కొస దాకా షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగిన చప్పుడు. ఆ తర్వాత మా అందరి చెవులూ దానికే అలవాటు పడ్డాయి. పటాకులు పేలినా పట్టించుకోం. వేళ కాని వేళ షట్టరు పడితే మాత్రం తింటున్న అన్నం ముందు నుంచి లేస్తాం.

నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు ఫలక్‌నుమా నుంచి ఒకటి వచ్చింది. అబ్బాయికి రైల్వేలో పని. నవ్వు ఆపుకుంటూ దిగిన ఫోటో పంపారు. నాకు తెగ నచ్చాడు. ఆ మాట చెప్పే ధైర్యం లేక ఫోటోను పైట చెంగుతో మళ్లీ మళ్లీ తుడిచి పెట్టేదాన్ని. అమ్మకు అర్థమైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అబ్బాయి, వాళ్ల అమ్మానాన్నలు సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. అమ్మ, బాపు ఎదురెళ్లారు. నేను వంటింట్లో మిర్చి బజ్జీలు వేస్తూ తలుపు సందులోంచి చూస్తున్నాను. గడప దగ్గర మగవాళ్లు చెప్పులు విప్పారు. వాళ్లమ్మ కూడా విప్పింది. విప్పి, దులిపి, సంచిలో వేసుకుని, లోపలికి తెచ్చి కుర్చీ కింద పెట్టుకుంది. సరిగ్గా దేవుడి పటాలకు ఎదురుగా!

అమ్మ విసురుగా వంటింట్లోకి వచ్చింది. "ఏందే ఇది? దేవుని పటాలున్న ఇంట్లకు చెప్పులు తెస్తదా? మనం ఎత్తుకపోతమనుకుందా? గిట్లాంటి అత్త దగ్గర నువ్వేం బతుకుతవ్? బజ్జీలు తినిపిచ్చి తోలేస్త."

నేను బతిమాలేలోపే అమ్మ పళ్లెం తీసుకుని ముందు గదిలోకి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు భాగంలో అద్దెకున్న దర్జీ దుకాణం షట్టరు ధడాలున పడింది. ఆయన చీకటి పడకుండా ఎన్నడూ మూసినవాడు కాదు.

మర్యాదలన్నీ గాలికి పోయాయి. అమ్మ పళ్లెం వదిలేసి "ఎనక తలుపు! ఎనక తలుపు!" అని అరుస్తూ వచ్చింది. ఆమె వెనకే చంకలో సంచితో అబ్బాయి వాళ్లమ్మ, ఆ వెనక ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ మా బాపు, వాళ్లాయన. అందరూ నన్ను దాటుకుని గల్లీలో పడ్డారు. నేను బజ్జీలు తీసే జాలిగంటె పట్టుకుని కొయ్యబారిపోయాను. చివరగా వచ్చిన అబ్బాయి వంగి కిరసనాయిలు స్టవ్ ఆర్పాడు. "నువ్వు నడు, నీ ఎనక నేనొస్త" అన్నాడు.

గల్లీలో ఎండ మండిపోతోంది. అమ్మ కాలే బండల మీద ఉత్త కాళ్లతో ఎగురుతోంది. ఆవిడ మాత్రం సంచిలోంచి చెప్పులు తీసి తొడుక్కుంది. ఇంతలో సందు చివర దర్జీ కనిపించాడు. కొత్త షేర్వానీ, ఘుమఘుమలాడే అత్తరు. "క్యా హువా భాభీ? పెండ్లి దావత్‌కు పోతున్న, దుకాణం జల్దీ బంద్ చేసిన!" అన్నాడు.

ఆవిడ తన చెప్పుల వైపు చూసుకుని సిగ్గుపడింది.

"మీరేమనుకున్నరో ఏమో. గా గడబిడల దినాలల్ల చీరల దుకాణంల ఉన్న. చెప్పులు బయట ఇడిసిన. కాల్పులు మొదలైనయ్. సీసపెంకుల మీద ఇంటిదాక ఉరికిన. గప్పటిసంది ఏడికి పోయినా చెప్పులు నాతోనే."

అమ్మ కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూడలేదు, అమ్మ పాదాలనే చూస్తోంది. ఒక చెప్పు విప్పి ముందుకు జరిపింది.

"ఇగో, ఒకటి నువ్వేసుకో. కాళ్లు బొబ్బలెక్కుతయ్."

"మరి నీ కాలో, వదినా?" అంది అమ్మ.

వదినా! వియ్యం కుదిరాక పిలుచుకోవాల్సిన పిలుపు అది. నోరు జారినందుకు అమ్మ నాలుక కరుచుకోలేదు. ఇద్దరూ తలా ఒక చెప్పు వేసుకుని, రెండో కాలు పైకెత్తి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడీ పడీ నవ్వారు. కాల్పుల నాటి తర్వాత అమ్మ వీధిలో నిలబడి అట్లా నవ్వడం నేను చూడలేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

"వదినె అయినవా అప్పుడే?" అని వాళ్లాయన భార్యను ఎగతాళి చేశాడు. "మనోడు పిల్లనింక సూడనే లేదు."

"సూసిన నాయినా" అన్నాడు నా పక్కన నిలబడ్డ అబ్బాయి.