చాయ్ బస్సు రంగు

గేటుకు తెలుపు బాగుంటుందన్నాడు పెయింటరు. వద్దన్నాను. ఎందుకో చెప్పే ఓపిక లేదు.

ఆ రంగు వాసనకు గోదావరిఖనిలోని మా చాయ్ బస్సు గుర్తొచ్చింది. షిఫ్టులకు తిరిగి తిరిగి అరిగిన పాత బస్సుకు బాపు చక్రాలు తీయించి, బొగ్గుబావి దారిలో అమ్మకు హోటల్ పెట్టించాడు.

"ఏం రంగెయ్యాలె అక్కా?" అన్నాడు రంగులేసే ఖాజా కాక.

బావిలో రాత్రి డ్యూటీ దిగొచ్చిన బాపు బస్సు మెట్టు మీదే కూలబడ్డాడు. "ఏదో ఒకటెయ్యరాదు, నిద్రొస్తాంది," అన్నాడు కళ్లు మూసుకుని.

"తెల్లదెయ్యి కాకా!" అన్నాను నేను. "దవాఖాన తెల్లబండొస్తె వాడకట్టంత బయటికొస్తరు గదా. మన బస్సు కాడికి గూడ గట్లనే వస్తరు."

కాక చేతిలో కుంచె ఆగింది. బాపు కళ్లు తెరిచాడు.

"తెల్లది వద్దు బిడ్డా," అంది అమ్మ మెల్లగా. "చిలకపచ్చదెయ్యి అన్నా."

మాసిపోతుందని వద్దంటోందనుకుని, రోజూ నేనే కడుగుతానని ఏడ్చాను. కాక చిలకపచ్చ డబ్బా మూత తీశాడు.

బావిలో ఎవరికైనా ఏమన్నా అయితే వాళ్లను ఇంటికి తెచ్చేది ఆ తెల్లబండే. తమ గుమ్మం ముందు ఆగకూడదని మొక్కుకుంటూ ఆడవాళ్లు నిలబడేవాళ్లని పెద్దయ్యాకే తెలిసింది. అది మా ఇల్లు దాటిపోగానే అమ్మ నన్ను గట్టిగా హత్తుకునేది. బండిని చూసిన సంబరమనుకునేదాన్ని.